చాయ్‌లో పోసిన పాలు

2024 జనవరి మూడో వారం. ములుగు జిల్లా తాడ్వాయి దాటాక ఒక గూడెంలో, ఒక అవ్వ ఇంటి ముందు మంచం మీద కూర్చుని ఫోన్‌లో ఫారం చూస్తున్నాను. నాలుగు రోజుల ముందు మా సర్వేయర్ ఇదే ఇంట్లో అడిగి నింపిన ఫారం అది. గడిచిన ఏడు రోజుల్లో పాలు, పాల పదార్థాలు ఎన్ని రోజులు తీసుకున్నారు అన్న చోట 7 అని ఉంది. ఇంటి చుట్టూ చూశాను. కొట్టం లేదు, బర్రె లేదు, ఆవు లేదు. నాలుగు కోళ్లు మాత్రం తిరుగుతున్నాయి.

"అవ్వా, మీ ఇంట్ల రోజూ పాలు తాగుతరా?" అని అడిగాను.

"పాలెక్కడియి బిడ్డా? దుకాణంల పది రూపాయల ప్యాకెట్ తెస్తే పొద్దుగాల అందరికీ చాయ్ అయితది. గంతే."

"పెరుగు తోడెయ్యరా?"

"పిల్లలకే లేవు, పెరుగెక్కడిది?"

నాకు చేతులు చల్లబడ్డాయి. అప్పటికి మూడు మండలాల నుంచి ఫారాలు దాదాపు అన్నీ వచ్చేశాయి. వాటిలో పాల దగ్గర 7 ఉన్నవి ఎన్నో నాకు తెలుసు, ఆ ముందు రాత్రే చూసి సంతోషపడ్డాను కూడా.

నేను హనుమకొండలో ఒక చిన్న స్వచ్ఛంద సంస్థలో పనిచేస్తాను. మాది నర్సంపేట వైపు. ఉద్యోగం పేరు కాగితం మీద పర్యవేక్షణ, మూల్యాంకన అధికారి. ఇంగ్లీషులో మానిటరింగ్ అండ్ ఇవాల్యుయేషన్, అందుకే ఆఫీసులో అందరూ ఎం అండ్ ఈ మేడం అంటారు. మా ప్రాజెక్టు ఏటూరునాగారం, మంగపేట, తాడ్వాయి మండలాల్లో గర్భిణులకు, బాలింతలకు నెల నెలా పోషకాహార ప్యాకెట్ ఇచ్చేది. అందులో కందిపప్పు, నూనె, పల్లిపట్టీలు ఉండేవి. దాంతో పాటు పెరట్లో వేసుకోవడానికి కూరగాయల విత్తనాలు. 2022 ఆగస్టులో బేస్‌లైన్ సర్వే, అంటే ప్రాజెక్టుకు ముందు ఇళ్ల పరిస్థితి చూసే సర్వే, జరిగింది. నేను ఆ తర్వాత కొన్ని నెలలకు చేరాను. ప్రాజెక్టు చివర్లో మళ్లీ అడిగి తేడా చూసే ఎండ్‌లైన్ సర్వే, చివరి నివేదిక నా మీద పడ్డాయి.

మా నాయన చిన్నప్పుడు బడిలో అమెరికా గోధుమరవ్వ ఉప్మా, పాలపొడి కలిపిన పాలు పెట్టేవాళ్లట. 1954లో అమెరికా చేసిన పీఎల్ 480 చట్టం కింద వచ్చిన తిండి అది, కేర్ సంస్థ ద్వారా బళ్లకు చేరేది. ఆ ఉప్మా రుచి ఆయన ఇప్పటికీ చెప్తాడు. మా పని చూసి ఒకసారి అడిగాడు: "పంచినమా లేదా చూస్తే సాలదా, మల్ల ఇంటింటికి తిరిగి అడుగుడేంది?" ఈ పనిలోకి కొత్తగా వచ్చినప్పుడు నాకూ అదే అనుమానం ఉండేది.

పంచడం లెక్క సులువు. రిజిస్టర్‌లో వేలిముద్రలు ఉంటాయి, స్టాక్ పుస్తకం ఉంటుంది, రెండూ కలిస్తే సరి. మా రిజిస్టర్లు ఎప్పుడూ సరిగ్గానే ఉండేవి. కానీ పంపిణీ అయిన రెండు వారాలకు మేం కొన్ని ఇళ్లకు వెళ్లి ఆ ప్యాకెట్ ఏమైందని అడిగేవాళ్లం. మొదటిసారి వెళ్లినప్పుడే విషయం తెలిసింది. గర్భిణి ఒక్కతే నెల రోజులు తింటుందని లెక్కగట్టి ఇచ్చిన పప్పు, ఏడుగురున్న ఇంట్లో పది రోజులు కూడా రావడం లేదు. అది మోసం కాదు. ఉడికిన పప్పు కోడలి పళ్లెంలోనే వడ్డించి మిగతావాళ్లకు పచ్చిపులుసు పోసే ఇల్లు నేనైతే చూడలేదు, చూడాలని కూడా లేదు. పల్లిపట్టీలు పిల్లలు తినేసేవాళ్లు. వేలిముద్రలు వంద శాతం, తల్లికి అందింది మాత్రం అందులో కొంత. ఈ రెండింటి మధ్య ఉన్న దూరాన్ని చూడటమే నా ఉద్యోగమని నాకు అర్థమైంది అప్పుడే. ఆ తర్వాత మా వాళ్లను ఒప్పించి ప్యాకెట్‌లో పప్పు పెంచాం.

ఇంట్లో తిండి ఎలా ఉందో కొలవడానికి మేం వాడింది ప్రపంచ ఆహార కార్యక్రమం వాళ్ల ఆహార వినియోగ స్కోరు, ఎఫ్‌సీఎస్ అంటారు. ఏడు రోజుల్లో ఏ రకం తిండి ఎన్ని రోజులు తిన్నారో అడిగి ఒక్కో రకాన్ని ఒక్కో బరువుతో హెచ్చవేస్తారు. అన్నం, రొట్టె లాంటి వాటికి 2, పప్పులకు 3, కూరగాయలకు 1, పండ్లకు 1, మాంసం, చేపలు, గుడ్లకు 4, పాలకు 4, నూనెకు, చక్కెరకు అర చొప్పున. నూనె, చక్కెర రోజూ వాడే ప్రాంతాల్లో 28 వరకు వస్తే తిండి చాలా తక్కువని, 42 దాటితే పర్వాలేదని, మధ్యలో ఉంటే అంచున ఉన్నారని లెక్క.

ఆ అవ్వ ఇంటి లెక్క అక్కడే కాగితం మీద వేశాను. కంట్రోల్ బియ్యం ఉంటాయి కాబట్టి అన్నం ఏడు రోజులు, 14. కూరగాయలు ఆరు రోజులు, 6. పప్పు రెండు రోజులు, 6. కోడికూర ఒకరోజు, 4. నూనె, చాయ్‌లో చక్కెర రోజూ, రెండూ కలిపి 7. మొత్తం 37. అంటే అంచున ఉన్న ఇల్లు. చాయ్‌లో పోసిన ఆ పాలను ఏడు రోజుల పాలుగా రాస్తే ఇంకో 28 వచ్చి కలుస్తుంది, 65 అవుతుంది. ఇంట్లో ఏమీ మారకుండానే, పది రూపాయల ప్యాకెట్‌తో, ఆ ఇల్లు మా నివేదికలో బాగుపడిన ఇల్లు అయిపోయింది.

చాయ్‌లో పోసే కొద్ది పాలను పాలుగా లెక్కించకూడదని ఆ పద్ధతిలోనే స్పష్టంగా ఉంది. కూరలో రుచికి వేసే కాసిన్ని ఎండుచేపల సంగతీ అంతే. బేస్‌లైన్ అప్పటి శిక్షణ కాగితాలు తీసి చూశాను, అందులో ఈ మాట రాసి ఉంది. ఎండ్‌లైన్ ఫారాన్ని తెలుగులో ఫోన్‌లోకి ఎక్కించింది నేను. ప్రశ్న ఎక్కించాను, దాని కింద ఉన్న సూచన వదిలేశాను. శిక్షణలో కూడా చెప్పలేదు. తప్పు నాది.

తవ్వేకొద్దీ ఇంకోటి బయటపడింది. ఆరోగ్యలక్ష్మి పథకం కింద అంగన్‌వాడీలో గర్భిణులకు, బాలింతలకు భోజనంతో పాటు రోజూ 200 మిల్లీలీటర్ల పాలు, ఒక గుడ్డు ఇస్తారు. అది ఆ తల్లి ఒక్కతే అంగన్‌వాడీలో కూర్చుని తీసుకునేది. ఎఫ్‌సీఎస్ అడిగేది ఇంట్లో వాళ్లు కలిసి తిన్న తిండి గురించి. మా సర్వేయర్లలో కొందరు ఆ పాలను, గుడ్డును కూడా ఇంటి లెక్కలో రాశారు, కొందరు రాయలేదు. వాళ్లకు చెప్పిన మనిషి లేనప్పుడు వాళ్లననడం న్యాయం కాదు.

హనుమకొండకు బస్సులో వస్తూ దారి పొడుగునా ఒకటే టెన్షన్. వారం రోజుల్లో ముసాయిదా నివేదిక పంపాలి. దాతల ప్రతినిధికి అప్పటికే ఫోన్‌లో ఫలితాలు చాలా బాగున్నాయని మా ఆఫీసు చెప్పేసింది. నేను ఆ అవ్వ ఇంటికి వెళ్లకపోతే ఎవరికీ తెలిసేది కాదు. ఆ ఆలోచన నాకు వచ్చిందని దాచను. మా డైరెక్టర్ సార్ దగ్గరికి పోయి ఉన్నదున్నట్టు చెప్పాను. ఆయన చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత "జీపు రేపు పొద్దున ఆరింటికి పంపిస్తా, ఎన్ని ఇళ్లు మళ్లా చూడగలవో చూడు" అన్నాడు.

పాల దగ్గర అయిదు రోజుల కంటే ఎక్కువ రాసిన ఇళ్లను వేరు చేసి, వాటిలోంచి చీటీలు తీసినట్టు కొన్నింటిని ఎంచుకున్నాం. గూడేల్లో సిగ్నల్ ఉండదు కాబట్టి ఫోన్ చేసి అడిగే వీల్లేదు. నలుగురం రెండు జట్లుగా పోయాం. జాతరకు నెల రోజులే ఉండటంతో మేడారం రోడ్డంతా బండ్లే, పది కిలోమీటర్లకు గంట పట్టిన రోజులున్నాయి. పోయిన వారం ఏం తిన్నారో మళ్లీ అడిగితే మనుషులకు గుర్తుండదు, అందుకని ఏడు రోజుల లెక్క తిరగ అడగలేదు. పాలు ఎట్లా తీసుకుంటారు అన్నదొక్కటే అడిగాం: చాయ్‌లోనా, విడిగానా, ఎవరు తాగుతారు, ఎక్కడ తాగుతారు. ఎక్కువ ఇళ్లలో జవాబు చాయ్ అనే వచ్చింది.

ఈ తిరుగుడులోనే నేను ఇంకో ప్రశ్న గురించి చాలా ఆలోచించాను. మా ఫారంలో ఆకలి మీద మూడు ప్రశ్నలుంటాయి. గత నాలుగు వారాల్లో ఇంట్లో తినడానికి ఏమీ లేని రోజు ఉందా, రాత్రి ఆకలితో పడుకున్నారా, ఒక పగలూ రాత్రీ మొత్తం తినకుండా ఉన్నారా. వీటికి మొగోళ్లు ఇంటి ముందుంటే ఆడవాళ్లు "అట్లేం లేదు" అంటారు. అదే వంటగది దగ్గర, వాళ్లు పొయ్యి ఊదుతుంటే పక్కన కూర్చుని అడిగితే మాట వేరేగా వస్తుంది. ఒక చెల్లె కట్టె సరిచేసుకుంటూ, నా మొహం చూడకుండా, "పిల్లలకు పెట్టినంక గంజి తాగి పండుకున్న అక్కా, గది ఆకలితోని పండుకున్నట్టేనా?" అని అడిగింది. ఏం రాయాలో ఆ ఫారంలో ఉంది, రాశాను. ఆ రోజు మధ్యాహ్నం నేను తెచ్చుకున్న సద్ది డబ్బా తెరవలేకపోయాను. ఇలాంటి ప్రశ్నలు అడగడానికి ఆడపిల్లలనే పంపాలని, ఇంటికి ఇరవై నిమిషాలు అని టైం పెట్టకూడదని నేను గట్టిగా అనుకుంటున్నాను.

పాల సంగతి ఒక కొలిక్కి వచ్చింది అనుకున్నాక, బేస్‌లైన్ ఫారాల మీద తేదీలు చూస్తుంటే అంతకన్నా పెద్ద చిక్కు కనిపించింది. 2022 ఆగస్టు. అంతకు ముందు నెలలోనే గోదావరికి పెద్ద వరద వచ్చింది, జులై 16న భద్రాచలం దగ్గర 71.3 అడుగులకు చేరింది. ఏటూరునాగారం, మంగపేట వైపు ఒడ్డు ఊళ్లు మునిగాయి. వరద లేకపోయినా ఆగస్టు అంటే పాత గింజలు అయిపోయి, కొత్త పంట ఇంకా చేతికి రాని నెల. కూలి పని కూడా పలచగానే ఉంటుంది. మరి ఎండ్‌లైన్ చేసింది జనవరిలో. వరి కోతలైపోయి, పత్తి ఏరిన డబ్బులు చేతిలో ఉండి, మిరప ఏరుడు మొదలయ్యే నెల. పైగా జాతర ముందర. చుట్టాలొస్తారు, కోళ్లు కోస్తారు, చిన్న చిన్న దుకాణాలు పెట్టుకుని నాలుగు రూపాయలు చూస్తారు. ఆగస్టులో తిన్నదానికీ జనవరిలో తిన్నదానికీ తేడా తీసి, ఇదంతా మా ప్యాకెట్ వల్లే అని ఎలా రాస్తాం? మా ప్యాకెట్ అందని ఊళ్లలో కూడా ఆ తేడా వచ్చే ఉంటుంది. అలాంటి ఊళ్లను పోల్చి చూడటానికి మేం మొదట్లోనే ఎంచుకోలేదు.

దీనికి దిద్దుబాటు లేదు. వెనక్కి పోయి బేస్‌లైన్ చేయలేం.

ముసాయిదా మొత్తం తిరగ రాశాను. ఎఫ్‌సీఎస్‌ను రెండు రకాలుగా ఇచ్చాను, ఫారాల్లో ఉన్నది ఉన్నట్టుగా ఒకటి, అనుమానం ఉన్న పాలు పూర్తిగా తీసేసి ఒకటి. తక్కువ వచ్చిన దాన్నే ముఖ్య ఫలితంగా పెట్టాను. ఇలాంటి నివేదికల్లో పరిమితులు అనే భాగం చివర్లో, అనుబంధాల దగ్గర ఉంటుంది, ఎవరూ చదవరు. దాన్ని మొదటి పేజీలోకి తెచ్చి నెలల తేడా, వరద, జాతర అన్నీ అక్కడే రాశాను. ప్యాకెట్ వల్ల ఖాయంగా వచ్చిందని చెప్పగలిగింది ఒక్కటే ఉంది: పప్పు తిన్న రోజులు. అది పంపిణీ తర్వాత చేసిన ప్రతి పరిశీలనలోనూ, వానాకాలంలో కూడా, పెరిగినట్టే కనిపించింది. విత్తనాల గురించి ఉన్న మాట రాశాను, కంచె లేని పెరళ్లలో కోళ్లు, మేకలు తినగా మిగిలింది తక్కువ. ఇంకో మాట కూడా రాశాను. లబ్ధిదారుల జాబితా రేషన్ కార్డుల నుంచి తీసుకున్నాం కాబట్టి, ఛత్తీస్‌గఢ్ నుంచి వచ్చి అడవిలో ఉంటున్న గుత్తికోయ కుటుంబాల్లో కార్డు లేనివాళ్లు అసలు జాబితాలోకే రాలేదు. ఎవరికి అందిందో కొలిచాం కానీ ఎవరికి అందలేదో కొలవలేదు.

దాతల ప్రతినిధితో మాట్లాడిన కాల్ కష్టంగా సాగింది. మొదట చెప్పిన నంబరుకు, ఇప్పుడు పంపిన నంబరుకు ఎందుకింత తేడా అని మూడుసార్లు అడిగారు. అవ్వ ఇంటి లెక్కనే చెప్పాను, 37, దాని మీద 28. అటువైపు కాసేపు మాట లేదు. తర్వాత ఆమె అడిగిన ప్రశ్న నాకు నచ్చింది: పప్పు రోజులు నెల వారీగా పంపగలరా అని. ఆ రాత్రే పంపాను. రెండో దశకు డబ్బు వచ్చింది, అడిగినంత రాలేదు, ఆలస్యంగా వచ్చింది.

మార్చిలో, ఇప్పపువ్వు రాలే రోజుల్లో, ఫలితాలు చెప్పడానికి అదే గూడేనికి వెళ్లాం. ఇది ఏ ఒప్పందంలోనూ లేదు, కానీ అడిగినవాళ్లకు జవాబు చెప్పాలి కదా. అంగన్‌వాడీ ముందు చాప వేసి, గోడకు చార్టు అతికించి చెప్పాం. అవ్వ పువ్వు ఏరుకుని గంపతో అటుగా వచ్చి నిలబడింది. "మా పాలు తీసేసినవా?" అని అడిగింది. తీసేశానన్నాను. "మరి గుడ్లు ఇయ్యరాదు, పప్పొక్కటే ఇస్తె ఏమైతది" అంది. ఆ మాట రెండో దశ ప్రతిపాదనలో రాశాను.

రెండో దశ బేస్‌లైన్ కూడా ఆగస్టులోనే పెట్టాం. ఈసారి ఎండ్‌లైన్ కూడా ఆగస్టులోనే ఉండాలని ఒప్పంద కాగితంలో రాయించాను. కార్డు లేని కుటుంబాల గూడేలను కూడా జాబితాలో చేర్చాం. పాల ప్రశ్నను ఫోన్‌లో మూడు ముక్కలు చేశాను. ఆగస్టులో జంపన్నవాగు దాటడం కష్టమని సర్వేయర్లు అంటున్నారు, నిజమే. ట్రాక్టర్ కిరాయి, వాగు తగ్గేదాకా ఆగాల్సి వస్తే రెండు రోజుల అదనపు కూలి బడ్జెట్‌లో పెట్టించాను.