అధ్వర్యుడొక్కడే మిగిలిన యజ్ఞం

"మాతృదేవో భవ, పితృదేవో భవ" అని వేదికలెక్కి చెప్పడం మనకు బాగా అలవాటైపోయింది. తైత్తిరీయోపనిషత్తు శీక్షావల్లి పదకొండో అనువాకంలో దానికి సరిగ్గా ముందున్న వాక్యాన్ని మాత్రం ఎవరూ తలవరు: "దేవపితృకార్యాభ్యాం న ప్రమదితవ్యమ్". దేవతలకూ పితరులకూ చేయాల్సిన కార్యాల్లో ఏమరుపాటు పనికిరాదని ఆజ్ఞ. అమ్మను దేవతగా ఒప్పుకున్నాక ఆమెకు షోడశోపచారాలూ జరగాల్సిందే.

ముందు ఆసనం. మంచం పట్టిన మనిషికి కనీసం రెండు గంటలకోసారి పక్క మార్చాలి. మోకాళ్ల మధ్య ఒక దిండు, మడమలు పరుపుకు తగలకుండా పిక్కల కింద ఇంకొకటి. జరిపేటప్పుడు లాగకండి. లాగితే చర్మం పరుపుకు అతుక్కుని ఉండిపోతుంది, లోపలి కండ కదులుతుంది, పుండు అక్కడే పుడుతుంది. ఇద్దరు చెరోవైపు పట్టుకుని, కింద వేసిన దుప్పటితో సహా ఎత్తి జరపాలి. తుంటి, నడుము కింది ఎముక, మడమలు రోజూ చూడండి. ఎర్రబడిన చోట వేలితో నొక్కి వదిలినా ఎరుపు పోకపోతే పుండు మొదలైనట్టే. చామనఛాయ ఒంటి మీద ఎరుపు సరిగా కనబడదు కాబట్టి చేత్తో తడిమి చూడాలి, ఆ చోటు వేడిగానో గట్టిగానో తగులుతుంది. ప్రేమకొద్దీ అక్కడ నూనె రాసి మర్దన చేస్తారు చాలామంది. చేయకూడదు, నలిగిన చర్మం ఇంకా నలుగుతుంది.

నైవేద్యం పడుకోబెట్టి పెట్టకండి. నిటారుగా కూర్చోబెట్టి, గడ్డం కొద్దిగా కిందికి వంచి, చిన్న చెంచాతో పెట్టాలి. మింగారని చూశాకే రెండో ముద్ద. తిన్నాక మరో అరగంట అలాగే కూర్చోబెట్టాలి. తింటూ దగ్గుతున్నా, గొంతు తడితడిగా గురగురమన్నా ఆహారం ఊపిరితిత్తుల దారి పడుతోందేమో. వైద్యుడికి చెప్పాలి. స్నానానికి నీళ్ల వేడి మోచేత్తో చూడండి, పాద్యమయ్యాక, అంటే కాళ్లు కడిగాక, కాలివేళ్ల సందులు పొడిగా తుడవండి. దీపమంటే రాత్రి మంచం నుంచి మరుగుదొడ్డి దాకా వెలుగు.

ఇవన్నీ ఒక్కరి చేత అయ్యేవి కావు. సోమయాగానికి పదహారు మంది ఋత్విక్కులు, అంటే యజ్ఞం జరిపించే పురోహితులు. హోత, అధ్వర్యుడు, ఉద్గాత, బ్రహ్మ ముఖ్యులు, ఒక్కొక్కరికి ముగ్గురేసి సహాయకులు. వేదిని కొలవడం, పాత్రలు సర్దడం, ఆహుతులు వేయడం, ఇలా చేతిపనంతా అధ్వర్యుడిది. మన ఇళ్లలో ఆ అధ్వర్యం ఏ కోడలి మీదో, దగ్గరున్న ఒక్క బిడ్డ మీదో పడుతుంది. మిగతా తోబుట్టువులందరూ, యజ్ఞంలో లోపాలు రాకుండా కనిపెట్టి చూసే బ్రహ్మ స్థానంలో కూర్చుంటారు. "ఇంత చిక్కిపోయిందేం? ఆ మందెందుకు మానేశారు?" అని ఫోన్లో అడుగుతారు.

బ్రహ్మ పని అది కాదు నాయనా! ప్రాతరనువాకం అనే వేకువ పఠనం మొదలైంది మొదలు, దాన్ని ముగించే పరిధానీయ ఋక్కు దాకా ఆయన మౌనంగా ఉండాలి. మధ్యలో నోరు విప్పితే యజ్ఞం ఒంటికాలి మనిషిలా, ఒంటిచక్రపు రథంలా చెడుతుందనీ, దాని వెంట యజ్ఞం చేయించే యజమానీ చెడతాడనీ ఛాందోగ్యోపనిషత్తు నాలుగో అధ్యాయం చెబుతోంది. యజుస్సులో, అంటే అధ్వర్యుడి పనిలో లోపం వస్తే? నిందించమనలేదు. "భువః స్వాహా" అని దక్షిణాగ్నిలో ఆహుతి వేసి ఆ లోపాన్ని పూడ్చమంది. ఎంత గొప్ప మాట! తప్పు కనిపెట్టిన చెయ్యే దాన్ని సరిదిద్దాలి.

కాబట్టి దూరాన ఉన్నవాళ్లు "ఏం కావాలో చెప్పు" అని అడగొద్దు. ఆలోచించి చెప్పడం సేవ చేస్తున్న ఆమెకు ఇంకో పని. "ఆదివారం పొద్దున్నుంచి రాత్రి దాకా నేను చూసుకుంటా" అనండి. ముందురోజే వచ్చి, ఆమె అమ్మకు పక్క మార్చడం, తినిపించడం ఒక్కసారైనా కళ్లారా చూసి నేర్చుకోండి. తర్వాత ఆమెను ఇంట్లో ఉండనివ్వకండి. ఉంటే మళ్లీ ఆమే లేస్తుంది. రాలేనివాళ్లు మందులు అయిపోకుండా తెప్పించడం, బీమా కాగితాలు, వైద్యుడి అపాయింట్‌మెంట్లు పూర్తిగా నెత్తికెత్తుకోవచ్చు. రాత్రి మనిషిని పెట్టి జీతం ఇవ్వగలిగితే అంతకన్నా పుణ్యం లేదు, ఆమెకు అన్నిటికన్నా ముందు కరువయ్యేది నిద్రే. అత్తగారి మీద విసుక్కుందని వినబడితే ఆమె భక్తిని శంకించకండి, ఎన్ని రాత్రులు మేలుకుందో కనుక్కోండి.

డబ్బు పంపేవాళ్లకు తైత్తిరీయంలోని అదే అనువాకంలో ఉంది: "శ్రియా దేయమ్, హ్రియా దేయమ్, భియా దేయమ్, సంవిదా దేయమ్". హ్రియా, అంటే సిగ్గుతో ఇవ్వమంది, ఇంకా ఇవ్వలేకపోతున్నానే అన్న సిగ్గుతో. లెక్కలడిగేవాడికి ఆ సిగ్గెక్కడిది?

మంచం దగ్గర ఒక నోటుబుక్కు ఉంచండి. ఏ మందు ఎప్పుడిచ్చారు, ఎన్ని నీళ్లు తాగారు, మూత్రం, విరేచనం, ఎటు తిప్పి పడుకోబెట్టారు అన్నీ రాయాలి. చేతులు మారినప్పుడు అదే ఆధారం. నిన్నటిదాకా తెలివిగా ఉన్న మనిషి ఒక్కసారిగా తికమకగా మాట్లాడితే వయసని సరిపెట్టుకోకండి. మూత్రంలో ఇన్ఫెక్షన్, నీరు తగ్గడం, మలబద్ధకం, కొత్త మందు, ఏదైనా కావచ్చు. ఆ నోటుబుక్కు తీసుకుని ఆ రోజే వైద్యుడి దగ్గరికి వెళ్లండి.