కతరీనమ్మ చక్రం, లూసమ్మ కళ్ళు

లండన్ నేషనల్ గ్యాలరీలో ఇటలీ చిత్రకారుడు రఫాయెల్ గీసిన క్రైస్తవ పునీతురాలు కతరీనమ్మ ఉంది. 1507 ప్రాంతంలో వేసిన బొమ్మ. ఆమె తలెత్తి ఆకాశంలోకి చూస్తూ, ఎడమ చెయ్యి ఒక చెక్క చక్రం మీద ఆనించి నిలబడి ఉంటుంది. ఆ చక్రం ఆమెను చంపడానికి చేయించిందే. అలెగ్జాండ్రియాలో చక్రవర్తి పిలిపించిన పండితులందరినీ ఆమె వాదంలో ఓడించిందట. మేకుల చక్రానికి కట్టి చంపమంటే చక్రమే ముక్కలైందట. చివరికి తల నరికించారు. రఫాయెల్ ఆ మేకుల మొనలు తీసేసి గుండ్రటి బుడిపెలు పెట్టాడు. అరుగు మీద స్తంభానికి ఆనుకున్నంత తీరిగ్గా ఆనుకుంది కతరీనమ్మ. లండన్‌లో ఉంటున్నాను కాబట్టి వీలైనప్పుడల్లా వెళ్ళి చూస్తుంటాను. ఎన్నిసార్లు చూసినా ఆ చెయ్యి దగ్గరే ఆగిపోతాను.

పునీతుల ముఖాలు ఎలా ఉండేవో ఏ చిత్రకారుడికి తెలుసు? అందుకే చేతిలో వస్తువును చూసి గుర్తుపట్టాలి. పేతురుకు తాళంచెవులు, పౌలుకు ఖడ్గం, లారెన్సుకు ఆయన్ని కాల్చిన ఇనప కమ్ముల పెనం. ఒక చేతిలో ఖర్జూర మట్ట కనిపిస్తే వేదసాక్షి, అంటే విశ్వాసం కోసం ప్రాణమిచ్చిన మనిషి అని అర్థం, అంతవరకే. ఏ వేదసాక్షో తెలియాలంటే రెండో చెయ్యి చూడాలి. లిల్లీ పువ్వుతో మాత్రం జాగ్రత్త. యేసు పెంపుడు తండ్రి జోజప్పకూ అదే, అంతోని వారికీ అదే. బాలయేసును ఎత్తుకోవడం కూడా ఇద్దరికీ ఉంది కాబట్టి, గడ్డం ఉంటే జోజప్ప, సన్యాసి అంగీ ఉంటే అంతోని వారు అనుకోవాలి.

లూసమ్మ విషయంలో ఎవరూ పొరబడరు. సిసిలీలోని సిరాక్యూస్‌లో 304 ప్రాంతంలో, రోమా చక్రవర్తి డయోక్లీషియన్ క్రైస్తవులను హింసించిన కాలంలో ప్రాణం ఇచ్చిన అమ్మాయి ఆమె. కళ్ళు పీకిన ఘట్టం మొదటి కథల్లో లేదు, తర్వాతెప్పుడో చేరింది. అయినా బొమ్మల్లో నిలిచింది అదే. చాలామంది పళ్ళెంలో రెండు కళ్ళు పెట్టి చూపించారు. ఫెరారా చిత్రకారుడు ఫ్రాంచెస్కో దెల్ కోస్సా 1470ల్లో వేసిన బొమ్మ, ఇప్పుడు వాషింగ్టన్‌లో ఉంది, అందులో పళ్ళెం లేదు. లూసమ్మ రెండు వేళ్ళ మధ్య సన్నటి కాడ పట్టుకుంది. కాడ చివర మొగ్గలు ఉండాల్సిన చోట రెండు కళ్ళు విచ్చుకుని ఉన్నాయి. ఆమె ముఖంలోనూ రెండు కళ్ళూ చక్కగా ఉన్నాయి. పోయినవి ఆమెకు తిరిగి దక్కాయని ఇంతకంటే బాగా ఎలా చెప్తారు!

ఆ బొమ్మ ఫొటో వాట్సాప్‌లో అమ్మకు పంపాను, పేరు చెప్పకుండా. గుంటూరు జిల్లాలో మా ఊరి గుడి తప్ప ఇటలీ బొమ్మలేవీ ఎరగని మనిషి. నిమిషంలో ఫోన్ చేసింది. "లూసమ్మ కదే! నా శుక్లాల ఆపరేషన్‌కి ముందు ఈవిడకే మొక్కుకున్నా." అయిదు వందల ఏళ్ళ కిందటి ఆ గుర్తు ఇప్పటికీ పనిచేస్తోంది. నాకు కళ్ళు చెమ్మగిల్లాయి.

మన దేశానికి వచ్చాడని నమ్మే యేసు శిష్యుడు తోమాకు రెండు గుర్తులున్నాయి. ఒకటి బల్లెం. చెన్నైలోని మైలాపూర్ దగ్గర బల్లెంతో పొడిచి చంపారని సంప్రదాయం. స్పెయిన్ చిత్రకారుడు వెలాస్కెజ్ గీసిన తోమా చేతిలో ఉన్నది అదే. రెండోది మూలమట్టం, మేస్త్రీలు గోడ మూల సరిచూసుకునేది. గొండోఫారిస్ రాజు కోట కట్టమని డబ్బిస్తే తోమా దాన్ని బీదలకు పంచిపెట్టి, నీ కోట పరలోకంలో కట్టానన్నాడని పాత కథ. ఆ రాజు కల్పితం కాదు, ఆయన నాణేలు వాయవ్య భారతంలో దొరికాయి. నాకైతే తోమా చేతిలో బల్లెం కంటే మూలమట్టమే ఇష్టం. బల్లెం ఆయన ఎలా చనిపోయాడో చెప్తుంది, మూలమట్టం ఆయన చేసిన పని చెప్తుంది. మన గుళ్ళలో తోమా స్వరూపం చేయించేవాళ్ళు ఒక్కసారి దాని గురించి కూడా ఆలోచించాలని నా కోరిక.