చేతిలో 90 సెకన్లు

హైదరాబాద్ చాంద్రాయణగుట్ట మీదుగా వెళ్తుంటే డీఎల్‌ఆర్‌ఎల్ అనే రక్షణ ఎలక్ట్రానిక్స్ పరిశోధనశాల గోడను ఎవరూ పట్టించుకోరు. శత్రు రాడార్లను పసిగట్టి, వాటిని గందరగోళపరిచే, యుద్ధనౌకలకు చెవులూ గొంతూ అయిన ‘శక్తి’ వ్యవస్థ డిజైన్ ఆ ల్యాబ్‌దే. తయారీ భారత్ ఎలక్ట్రానిక్స్ (బీఈఎల్) వాళ్లది. 2021 నవంబరులో నేవీకి అప్పగించారు.

నీళ్లకు ఆనుకుని వచ్చే క్షిపణి ఓడకు కనబడేది 25, 30 కిలోమీటర్లలోనే. సెకనుకు 300 మీటర్ల లెక్కన మిగిలేది సుమారు 90 సెకన్లు. అందులోనే దాని ముక్కులోని రాడార్‌ని పసిగట్టాలి, ఏ రకమో పోల్చాలి. ఆ తర్వాతే జామింగో (ఆ రాడార్‌ని రేడియో తరంగాలతో గందరగోళపరచడం), చాఫో (దానికి దొంగ లక్ష్యం చూపించడం).

చాఫ్ అంటే ఏదో రేకు చల్లేయడం కాదండీ. అల్యూమినియం పూసిన సన్నటి గాజు పోగులవి, పొడవు ఆ రాడార్ తరంగదైర్ఘ్యంలో దాదాపు సగం. 10 గిగాహెర్ట్జ్‌కి సుమారు 15 మిల్లీమీటర్లు. పొడవు కుదరకపోతే గాల్లోకి చల్లిన ఆ పోగుల మబ్బు రాడార్‌కి సరిగా ఆనదు. గాలివాటు చూడకుండా పేలిస్తే ఇంకా చేటు: మబ్బు ఓడ మీదుగానే తేలిపోతుంది, దాని వెంట వచ్చిన క్షిపణికి మళ్లీ ఓడే దొరుకుతుంది. అందుకే పేల్చగానే ఓడ పక్కకు తప్పుకోవాలి.

అసలు తలనొప్పి మాత్రం ఓడలోని సొంత ట్రాన్స్‌మిటర్లతోనే. ఫాక్లాండ్స్ యుద్ధంలో, 1982 మే 4న బ్రిటిష్ ఓడ షెఫీల్డ్‌లో శాటిలైట్ ప్రసారం నడుస్తుండగా, శత్రు రాడార్లను పసిగట్టే హెచ్చరిక రిసీవర్‌కి చెవుడొచ్చింది. ఎక్సోసెట్ క్షిపణి వచ్చి తగిలింది.