వాయ్నా పిచ్చు టికెట్ మీద మా నాన్న పేరు

పెరూలో ఇంకా రాజుల కాలంనాటి పాత ఊరు మాచు పిచ్చు ఫొటోల్లో శిథిలాల వెనక నిటారుగా నిలబడి ఉంటుందే, ఆ కొండే వాయ్నా పిచ్చు. నిన్ననే ఎక్కి దిగాను, పిక్కలు ఇంకా పీకుతున్నాయి. అయినా కొండ కంటే టికెట్టే ఎక్కువ ఏడిపించింది.

వీసా గొడవ లేదు. ఆరు నెలల గడువున్న అమెరికా వీసా ఉంటే మనవాళ్లను పెరూలోకి రానిస్తారు. కొండకి మాత్రం మామూలు ప్రవేశ టికెట్ చాలదు. రోజుకి ఇంతమందే అని లెక్క, దానికో టైము, టికెట్ మీద పేరు, పాస్‌పోర్టు నంబరు.

నా పాస్‌పోర్టులో ఇంటిపేరు గడి ఖాళీ. మనలో చాలామందికి అంతే కదా! మాచు పిచ్చుకి వెళ్లేదారిలో ఉన్న కుస్కో నగరంలో ఏజెంటు ఆ గడి నింపకపోతే టికెట్ రాదన్నాడు. పాస్‌పోర్టులో ఉన్నట్టే కొట్టమని సైగలతో చెప్పాను. బుద్ధిగా తలూపాడు. తీరా చూస్తే ఇంటిపేరు దగ్గర మా నాన్న పేరు! పాస్‌పోర్టు చివరి పేజీలోంచి ఎత్తి అక్కడ పడేశాడు. మార్చమంటే కుదరదట. కొత్తది కొందామంటే ఆ తేదీకి అయిపోయాయట. గొంతు పెంచేసరికి పక్క సీటమ్మాయికి నా పాస్‌పోర్టు చూపించాడు, ఇద్దరూ ఒకటే నవ్వు. మా ఊళ్లో ఇంటిపేరు చెబితే తాతముత్తాతల దాకా చెప్పేస్తారు. ఇక్కడ నేను ఇంటిపేరు లేనివాణ్ణయ్యాను. ఒళ్లు మండిపోయింది. డబ్బు తీసుకునేటప్పుడు మాత్రం పేరు అడగలేదు వెధవ.

ఒల్లంటాయ్‌టాంబో అనే ఊరి నుంచి మాచు పిచ్చు వైపు రైలు ఉరుబాంబా నది ఒడ్డునే పోతుంది. టెన్షన్‌లో నేను ఆ నదిని చూస్తే ఒట్టు.

గేటు దగ్గర అమ్మాయి నంబరు సరిచూసి, పేరు మీద వేలు పెట్టి ఆగింది. చివరి పేజీ తిప్పి, "పాపా" అన్నాను. స్పానిష్‌లో నాకొచ్చిన మాటల్లో అదొకటి. నవ్వి లోపలికి పొమ్మంది. ఈ నవ్వుకి మాత్రం కోపం రాలేదు.

కొండ మొదట్లో ఒక పుస్తకంలో పేరు, టైము రాయించుకుంటారు. ఇంటిపేరు పెద్ద అక్షరాలతో రాశాను. ఆపైన ఇంకా జాతివాళ్లు ఎప్పుడో పేర్చిన ఇరుకు మెట్లు, పట్టుకోవడానికి ఇనుప తాళ్లు. కుస్కో 3,400 మీటర్లు, ఈ శిఖరం దాదాపు 2,700, కాబట్టి ఆయాసానికి భయపడక్కర్లేదు. నా వయసులో సగం ఉన్న కుర్రాళ్లు మధ్యలో కూలబడితే వాళ్లను దాటుకుని ఎక్కాను. దిగేటప్పుడే మోకాళ్లు వణుకుతాయి, కొన్నిచోట్ల కూర్చుని జరగడమే నయం.

వెళ్లేవాళ్లు ప్రభుత్వ సైటులోనే, చాలా ముందుగా, స్వయంగా కొనుక్కోండి. ఏజెంటు గుమ్మం తొక్కొద్దు. ఇంటిపేరు గడి ఖాళీగా ఉంటే బయల్దేరే ముందే పాస్‌పోర్టు మార్పించుకోండి. నేనైతే మార్చను, అది వేరే సంగతి.