ఎపీలో ఎత్తు వెయ్యడం నేనెలా నేర్చుకున్నానంటే

నేను ఆడేది ఎపీ. ఫెన్సింగ్ అనే కత్తిసాము ఆటలోని మూడు రకాల్లో ఇదొకటి. ఇందులో ఒళ్లంతా టార్గెట్టే. మిగతా రెండు రకాలు ఫాయిల్, సేబర్లలోలా అటాక్ ముందు ఎవరిదని రెఫరీ తేల్చక్కర్లేదు. ఇద్దరూ ఒకేసారి తగిలిస్తే చెరో పాయింటు. అందుకని ఓపిగ్గా కాచుకునేవాళ్లకి ఈ ఆట బాగా కలిసొస్తుంది.

శ్రీకాకుళంలో మాకు పిస్ట్, అంటే ఆట ఆడే పొడవాటి పట్టీ, లేదు. నేల మీద సుద్దతో 14 మీటర్లు గీసుకునేవాళ్లం. పారీ (అవతలి కత్తిని అడ్డుకోవడం), రిపోస్ట్ (అడ్డుకున్న వెంటనే తిరిగి పొడవడం), ఫెయింట్ (పొడుస్తున్నట్టు నటించడం) అక్కడే చేతికి పట్టాయి. పోటీకి వెళ్తే ఏది ఎప్పుడు వాడాలన్నదే ప్రశ్న. మా కోచ్ సర్ ఒక నోటుబుక్కు చేతిలో పెట్టారు. "ఆ పిల్ల ఏటి సేసిందో ఒక్కటే కాదమ్మా, నువ్వేటి సేస్తే అలా సేసిందో రాయి" అన్నారు. నా ఆట మలుపు తిరిగింది ఆ మాటతోనే.

మొదట గ్రూపులుగా ఆడే పూల్ రౌండులో ఒక్కో బౌట్ (ఆట) 5 టచ్‌లు, 3 నిమిషాలు. నా వంతు కాని సమయమంతా పక్కన నిలబడి, నాకు ఎదురుపడబోయే అమ్మాయిని చూస్తాను. కత్తి మీద కొడితే చెయ్యి వెనక్కి లాగుతుందా, ముందుకి చాపుతుందా? వెనక గీత దాకా తరిమితే ఎదురు తిరుగుతుందా?

ఒక రాష్ట్ర పోటీలో నాకన్నా బాగా పొడుగు అమ్మాయి ఎదురైంది. ఎవరు మణికట్టు వైపు ఫెయింట్ చూపించినా చెయ్యి చాచి ఎదురు పొడిచేస్తోంది. ఆ చేతి పొడవుకి దూరం నుంచి పోటీపడలేను. సగం అడుగు వేసి, కావాలనే మణికట్టు వైపు మొన చూపించాను. చెయ్యి వచ్చింది. ఆ కత్తిని పారీతో పక్కకి తోసి, అక్కడినుంచే భుజం మీద రిపోస్ట్ తగిలించాను. మొదటి కదలిక ఎర, రెండోదే అసలు దెబ్బ. దీన్నే సెకండ్ ఇంటెన్షన్ అంటారు. నాకు ఈ ఆటలో అన్నిటికన్నా ఇష్టమైనది ఇదే.

నాకౌట్‌లో లెక్క మారిపోతుంది. 15 టచ్‌లు, మూడు నిమిషాల చొప్పున మూడు పీరియడ్లు, మధ్యలో నిమిషం విరామం. 14-12తో ముందుంటే డబుల్ టచ్ పడినా 15-13తో గెలుపు మనదే. వెనకబడిన అమ్మాయే మీదికి రావాలి. అదే 14-14 దగ్గర డబుల్ లెక్కలోకి రాదు. అందుకే ప్రాక్టీసులో సున్నా నుంచి ఆడటం తగ్గించి, "12-13, నలభై సెకన్లు" అనుకుని మొదలెట్టేవాళ్లం. తొందర ఎవరికి ఉండాలో స్కోరు చూసి గ్రహించడం అలా అలవాటైంది.

ఈమధ్య అవతలివాళ్లు కూడా నన్ను గమనించి వస్తున్నారు. నా ఫెయింట్‌కి చెయ్యి కదపకుండా ఆగుతున్నారు. వాళ్లు ఎరేననుకుని ఆగిన ఆ క్షణంలో ఫెయింట్ మానేసి తిన్నగా మణికట్టుకే పొడుస్తున్నాను. సర్ ఇప్పుడు నాతో రోజూ చేయిస్తున్నది ఆ ఒక్క పొడుపే.