ఎల్.డిస్ కాని పాస్‌బుక్కు

నిన్న సాయంత్రం ఆఖరి గోనె కూడా కాటా ఎక్కింది. కాగితాలే 43 కిలోలు తూగాయి. ఇల్లు సర్దడానికి పదకొండు రోజులు పట్టింది. అందులో అటక, వంటిల్లు, బట్టల బీరువా కలిపి మూడు రోజులు. తక్కిన ఎనిమిదీ కాగితాలే తినేశాయి.

అటక సంగతి చెప్పడానికేం లేదు. రెండు ఇత్తడి బిందెలు, ఆవకాయ జాడీలు ఉంచాం, మిగతాది పంపేశాం. భోగిమంటకని మా ఆవిడ దాచిన విరిగిన కుర్చీల్లో రెండు ప్లాస్టిక్‌వి. చెక్క వరకూ సరే, ప్లాస్టిక్కూ సన్‌మైకా అంటించిన పలకలూ మంటలో వెయ్యకండి, ఆ పొగ చుట్టూ నిలబడ్డ పిల్లలే పీలుస్తారు. ఉబ్బిన ఫోను బ్యాటరీలు ఇనప సామాను గోనెలో వేస్తే నలిగి అంటుకుంటాయి. వాటిని విడిగా, ఈ-వేస్టు తీసుకునేచోటే ఇవ్వాలి.

ఇక కాగితాలు. వీడియోలు చూసి రంగురంగుల ఫోల్డర్లు కొనేవాళ్ళంటే నాకు నవ్వొస్తుంది. నేను ముప్పై ఏళ్ళు రెవెన్యూ ఆఫీసులో ఫైళ్ళు మూసినవాణ్ణి. మాకు ఫైలు ముగిశాక దాని నెత్తిన రాసే అక్షరమే ముఖ్యం. ఆర్.డిస్ అంటే శాశ్వతంగా ఉంచాలి. డి.డిస్ అంటే పదేళ్ళు. ఎల్.డిస్ అంటే ఏడాది. ఎప్పుడు పారెయ్యాలో మూసిన రోజే రాసేస్తాం కాబట్టి తర్వాత బుర్ర బద్దలుకొట్టుకునే పనుండదు. ఇంట్లోనూ అదే చేశాను. హాల్లో మూడు పాత దుప్పట్లు పరిచి మూడు కుప్పలు పోశాను.

ఆర్ కుప్పలోకి ఇంటి దస్తావేజు, దాని లింకు డాక్యుమెంట్లు (అంతకుముందు చేతులు మారిన దస్తావేజులు), ఆస్తి మీద అప్పులూ లావాదేవీలూ చూపించే ఈసీ, పదో తరగతి మెమో, డిగ్రీ సర్టిఫికెట్లు, పుట్టిన తేదీ పత్రాలు, నా పీపీవో, అంటే పెన్షన్ మంజూరు పత్రం. వీటిని లామినేషన్ చేయించొద్దు. వెనకవైపు ముద్ర వెయ్యాల్సి వస్తే చోటుండదు, ఊడదీయబోతే కాగితం చిరుగుతుంది. డి కుప్పలోకి ఆదాయపన్ను రిటర్నులు, వాటి రుజువులు. చట్టం అన్నేళ్ళు అడక్కపోయినా నేను పదేళ్ళు ఉంచుతాను. ఇంటి మీద వేసిన గదుల బిల్లులు మాత్రం డి కాదు, ఇల్లు అమ్మేదాకా ఉండాలి. అమ్మినప్పుడు లాభం లెక్కలో ఆ ఖర్చు తీసెయ్యాలంటే అవే ఆధారం. ఎల్ కుప్పలోకి కరెంటు బిల్లులు, గ్యాసు రసీదులు, వారంటీ అయిపోయిన కార్డులు.

దాచేవాటికి గుండుసూదులు, రబ్బరుబ్యాండ్లు ఉండకూడదు. సూది తుప్పు పట్టి కాగితం తింటుంది, రబ్బరు కరిగి అతుక్కుపోతుంది. పంచింగ్ మిషనుతో చిల్లు చేసి నూలు ట్యాగు వెయ్యండి, ఒరిజినల్ దస్తావేజుకు మాత్రం చిల్లు పెట్టకుండా కవర్లో పెట్టండి. షాపులో మిషన్ కొట్టిచ్చే నున్నటి బిల్లు వేడికే అక్షరం తేలే కాగితం, రెండేళ్ళకు తెల్లబోతుంది. వెంటనే జిరాక్స్ తీసి దానికి జత చెయ్యాలి. బీరువా గోడకు జానెడు ఎడంగా, నాలుగు ఇటుకల మీద ఉంటే చెదలు పట్టినా ముందే కంటపడతాయి.

పారేసే ఆధార్ జిరాక్సులు, పాత చెక్కులు చించి గోనెలో వేస్తే చాలదు. బకెట్లో రాత్రంతా నానబెట్టి, పొద్దున పిసికి ముద్ద చేశాను. రెండు బకెట్లకు మా ఆవిడ ఓర్చుకుంది, మూడోదానికి "ఏమండీ, ఇడ్లీపిండి ఎక్కడ నానెయ్యను?" అంది.

ఇక్కడిదాకా నా విద్య పనికొచ్చింది. ఆగిపోయింది మూడు పాస్‌బుక్కుల దగ్గర. వాటిని ఏ దుప్పటి మీదా వెయ్యలేను. ఖాతా బతికే ఉంది కాబట్టి అది మూసిన ఫైలు కాదు, పెండింగు. ఇంట్లో పేరుకున్న కాగితాల్లో సగం ఇలాంటివే. వాటి వెనక పని పూర్తి కాకుండా ఎన్నిసార్లు సర్దినా మళ్ళీ సర్దాల్సిందే.

ఒకటి తేలిగ్గా మూశారు. రెండోది 1989లో తెరిచిన జీతం ఖాతా, 2013 తర్వాత కదిలింది లేదు. నిల్వ 4,312 రూపాయలు. మొదటిసారి వెళ్తే సిస్టమ్ డౌన్. రెండోసారి కౌంటర్లో కుర్రాడు తెర చూసి, "పెద్దాయనా, ఈ డబ్బు రిజర్వు బ్యాంకుకు వెళ్ళిపోయింది, ఇక రాదు" అన్నాడు. సగం నిజం, సగం అబద్ధం. పదేళ్ళు కదలని ఖాతా డబ్బు డిపాజిటర్ల నిధికి పంపుతారు, ఆ మాట నిజమే. కానీ ఎప్పుడడిగినా ఆ బ్యాంకే మనకు చెల్లించి, రిజర్వు బ్యాంకు దగ్గర రాబట్టుకోవాలి. 2023లో రిజర్వు బ్యాంకు పెట్టిన ఉద్గమ్ పోర్టల్లో పేరూ వివరాలూ కొట్టి వెతికితే అలాంటి ఖాతాలు కనబడతాయి. ఆ పేజీ ప్రింటు పట్టుకుని మూడోసారి వెళ్ళాను.

ఈసారి కొత్త మెలిక. "ఖాతా మళ్ళీ తెరవాలంటే ఛార్జీలు పడతాయి" అన్నాడు. నిద్రపోయిన ఖాతాను మేల్కొలపడానికి ఛార్జీ వెయ్యకూడదని, కనీస నిల్వ లేదని జరిమానా కొయ్యకూడదని 2024 జనవరి 1న రిజర్వు బ్యాంకు ఆదేశం ఇచ్చింది. అది చూపిస్తే మాట మార్చి సంతకం పట్టుకున్నాడు. 1989లో తెలుగులో పూర్తి పేరు రాశాను, ఇప్పుడు ఇంగ్లీషులో పొట్టిగా గీస్తున్నాను. "ఇది మీ సంతకం కాదు. ఆయన మీరేనని రుజువేంటి?" అన్నాడు. వెనక లైనులో పదిమంది. వాళ్ళలో ఒకాయన నా దగ్గర పహాణీ (పొలం రికార్డు) నకలుకు తిరిగినవాడు, నవ్వు ఆపుకోవడం నేను చూశాను. అదే ప్రశ్న నేను ఎందరిని అడిగానో ఆయనకు తెలుసు. నేను మాత్రం ఏ ఫారం పెట్టుకోవాలో కూడా చెప్పేవాణ్ణి, అదీ తేడా.

చివరికి నాలుగోసారి మేనేజరుగారే సొరుగులోంచి తీశారు, సంతకం మార్పు దరఖాస్తు. కొత్త సంతకం ఉన్న పాన్ కార్డు, ఆధార్, రెండు ఫొటోలు ఇచ్చి, అధికారి ఎదుట మూడుసార్లు సంతకం చేస్తే అయిపోయింది. పావుగంట పని. మొదటిరోజే ఆ కాగితం చేతిలో పెట్టి ఉంటే మిగతా మూడు తిరుగుళ్ళూ ఉండేవి కావు. ఇలా వెళ్ళేవాళ్ళు సంతకం మార్పు, కేవైసీ, ఖాతా మూసివేత, మూడు దరఖాస్తులూ ఒకేసారి అడిగి తీసుకోండి. నకలు మీద తేదీతో ముద్ర వేయించుకోండి. ముద్ర వెయ్యమంటే మొహం మాడ్చుకుంటారు, మాడ్చుకోనివ్వండి. రాతపూర్వక ఫిర్యాదుకు 30 రోజుల్లో జవాబు రాకపోతే బ్యాంకుల మీద ఫిర్యాదులు వినే రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్ దగ్గరికి వెళ్ళడానికి ఆ ముద్రే ఆధారం.

డబ్బు ఇంకా పడలేదు. పాస్‌బుక్కు, ముద్ర వేసిన నకలు ఒకే కవర్లో పెట్టి పైన తేదీ రాసి, బల్ల మీద ఎదురుగా ఉంచాను, లోపల పెడితే మళ్ళీ మర్చిపోతాను. మూడో పాస్‌బుక్కు మా తమ్ముడితో ఉమ్మడి ఖాతాది, సంతకానికి వాడు ఖమ్మం నుంచి రావాలి. అది కూడా ఆ కవరు కిందే ఉంది.