సరిహద్దుకు అటూ ఇటూ: పంచాయతీ ఆదాయాల మీద నా పీహెచ్‌డీ

ఎం.ఏ. ఆర్థిక శాస్త్రం పూర్తయిన తరువాత బ్యాంకు పరీక్షలు, బీఈడీ కాక మరో దారి ఉంటుందని ఒడిశాలోని పర్లాకిమిడి ప్రాంతంలో మా తరానికి చెప్పినవారు తక్కువ. నేను పరిశోధన వైపు, అందులోనూ ప్రభుత్వ విత్తం (ప్రభుత్వ ఆదాయ వ్యయాల అధ్యయనం) వైపు వెళ్లడానికి కారణం మేము ఉంటున్న చోటే. గజపతి జిల్లా గోసాని బ్లాకులోని మా ఊరి నుంచి శ్రీకాకుళం జిల్లా పాతపట్నం కొద్ది కిలోమీటర్ల దూరం. 1936 ఏప్రిల్ 1న ఒడిశా ఏర్పడేదాకా ఈ రెండు ప్రాంతాలూ మద్రాసు ప్రెసిడెన్సీలోనివే. పంటలు, పండుగలు, పెళ్లి సంబంధాలు నేటికీ కలిసే ఉన్నాయి కానీ పంచాయతీ ఖజానాలు మాత్రం వేరు. పాతపట్నం పక్కన ఉండే మా మేనమామ ఏటా ఇంటి పన్ను కట్టి రసీదు బీరువాలో పెట్టుకుంటారు. మా ఇంట్లో పంచాయతీకి అటువంటి పన్ను కట్టిన రసీదు ఒక్కటీ లేదు. ఈ తేడా పంచాయతీ ఆదాయాన్ని ఎంతవరకు శాసిస్తుందన్నదే నా సిద్ధాంత గ్రంథానికి విషయమైంది.

నెట్ పరీక్ష, ప్రవేశం, కోర్సు వర్కు అందరికీ జరిగినట్టే జరిగాయి. చెప్పుకోదగినది పరిశోధన సలహా సంఘం ముందు నేను సమర్పించిన మొదటి ప్రతిపాదనకు ఏమైందన్నది. ఒడిశా, ఆంధ్రప్రదేశ్ రాష్ట్రాల పంచాయతీలన్నింటినీ పోలుస్తానని అందులో రాశాను. మా గైడు సార్ దానిని పక్కన పెట్టి, "సరిహద్దుకు ఆనుకుని ఉన్నవాటినే తీసుకోండి, వానలు, భూములు, జనం ఒకేలా ఉన్నచోట మిగిలే తేడా చట్టానిదో పాలనదో అవుతుంది" అన్నారు. ఆ ఒక్క వాక్యం తరువాతి పని మొత్తానికి చట్రమైంది.

రాష్ట్ర స్థాయి లెక్కలు సులువుగానే దొరికాయి. బడ్జెట్ పత్రాల్లో 3604 అనే పద్దు కింద స్థానిక సంస్థలకు వెళ్లే మొత్తాలు ఉంటాయి. బడ్జెట్ అంచనా, సవరించిన అంచనా, వాస్తవ వ్యయం అని ఒకే సంవత్సరానికి మూడు అంకెలు కనిపిస్తాయి కనుక, వాస్తవ వ్యయం అచ్చయ్యేదాకా ఆగి దానినే వాడుకోవాలి. కష్టమంతా పంచాయతీ సొంత ఆదాయం దగ్గర మొదలయింది. ఒక కార్యాలయంలో క్యాష్ బుక్కులు ఆడిట్‌కు వెళ్లాయని చాలా కాలం చెబుతూ వచ్చారు. చివరకు సమాచార హక్కు చట్టాన్ని ఆశ్రయించాను. ఒడిశాలో దరఖాస్తును ఫారం-ఎ అనే నిర్ణీత నమూనాలో, గుర్తింపు పత్రం జతచేసి ఇవ్వాలి. తెల్లకాగితం మీద రాసి ఇస్తే తిరిగి రావచ్చు. చట్టం చెప్పిన 30 రోజులు గడిచినా జవాబు రాకపోవడంతో మొదటి అప్పీలు వేశాను, అప్పుడు పుస్తకాలు బయటికి వచ్చాయి. మన పరిశోధకులు అప్పీలును గొడవగా భావించి వెనకాడుతుంటారు. నా దృష్టిలో అది కూడా ఒక ఉత్తరమే.

క్యాష్ బుక్కు ఒడియాలో ఉంటుంది. ఎడమవైపు జమలు, కుడివైపు ఖర్చులు. ఎడమ పేజీలో వరుసగా కేంద్ర ఆర్థిక సంఘం (పన్నుల సొమ్మును ఎవరికి ఎంత పంచాలో సూచించే సంస్థ) గ్రాంటు, రాష్ట్ర ఆర్థిక సంఘం గ్రాంటు, పథకాల సొమ్ము. వాటి మధ్య ఎక్కడో చేపల చెరువు లీజు, సంత వేలం, రేవు వేలం వంటి చిన్న మొత్తాలు, ఇక్కడ సైరాత్ అని పిలిచేవి. నేను చూసిన పుస్తకాల్లో సైరాత్ జమలు ఎక్కువగా మార్చి చివరి వారంలోనే పడ్డాయి. గుమ్మా బ్లాకులో, అది రాజ్యాంగం అయిదవ షెడ్యూలు కిందికి వచ్చే గిరిజన ప్రాంతం, చింతపండు వంటి చిన్న అటవీ ఉత్పత్తులు కొనే వ్యాపారుల రిజిస్ట్రేషన్ రుసుము కూడా కనిపించేది. ఒడిశా గ్రామ పంచాయతీల చట్టం, 1964 ప్రకారం బండి పన్ను, నీటి పన్ను, దీపాల పన్ను వేయవచ్చు. వాటి గురించి అడిగితే ఒక సర్పంచి నవ్వి, "బాబూ, సైకిలుకు పన్ను అడిగితే వచ్చే ఎన్నికల్లో నా మొహం ఎవరు చూస్తారు?" అన్నారు.

ఆయన మాటలో రాజకీయం ఉంది, నిజమూ ఉంది. ప్రభుత్వ విత్తంలో పన్ను సామర్థ్యం (ఎంత వసూలు చేయగలరు), పన్ను ప్రయత్నం (అందులో ఎంత వసూలు చేస్తున్నారు) అని రెండు వేరువేరు భావనలు ఉన్నాయి. వసూలు తక్కువగా ఉంటే ప్రయత్నం తక్కువని తేల్చేయడం తేలిక. 15వ ఆర్థిక సంఘం రాష్ట్రాల మధ్య పన్నుల పంపిణీలో ఆదాయ అంతరానికి (తలసరి ఆదాయంలో రాష్ట్రం ఎంత వెనకబడి ఉందన్న దానికి) 45 శాతం, పన్ను ప్రయత్నానికి 2.5 శాతం ప్రాధాన్యం ఇచ్చింది. రాష్ట్రాలన్నింటికీ దాదాపు ఒకే పన్ను అధికారాలు ఉన్నాయి కనుక అక్కడ ఆ కొలతకు అర్థం ఉంది. పంచాయతీల విషయంలో రాజ్యాంగం 243-హెచ్ అధికరణం ఏ పన్ను అప్పగించాలో రాష్ట్ర శాసనసభకే వదిలిపెట్టింది. చట్టం ఇంటి పన్ను అధికారం ఇచ్చిన పంచాయతీనీ ఇవ్వని పంచాయతీనీ ఒకే గీటురాయి మీద పెట్టి రెండోదానికి సోమరితనం అంటగట్టడం అన్యాయమని నా వాదన.

ముందస్తు సమర్పణ సెమినార్ సాఫీగా సాగింది. యూజీసీ (విశ్వవిద్యాలయాల నిధుల సంఘం) నిబంధనల ప్రకారం గ్రంథానికి ఇతర రచనలతో పోలిక 10 శాతం మించకూడదు. ఒక అధ్యాయాన్ని అందుకోసం సొంత మాటల్లో తిరగరాశాను. వైవా (మౌఖిక పరీక్ష)లో బయటి పరీక్షకులు అడిగిన ప్రధాన ప్రశ్న ఒక్కటే: గ్రాంట్లు పెరగడం వల్లే సొంత వసూళ్లు తగ్గాయని ఎందుకు అనుకోకూడదు? ఒడిశా వైపు సొంత ఆదాయంలో పెద్ద భాగం లీజులది. లీజు ధర చెరువులో నీటిని బట్టి, వేలంలో పోటీని బట్టి మారుతుంది తప్ప గ్రాంటును బట్టి మారలేదని నా పట్టికలు చూపి చెప్పాను. ఆంధ్ర వైపు ఇంటి పన్ను విషయంలో ఆ అనుమానం పూర్తిగా తీరలేదని కూడా ఒప్పుకున్నాను. ఆ పరిమితిని ముగింపు అధ్యాయంలో చేర్చమన్నారు, చేర్చాను.

ఆ తరువాత కొంతకాలం రాష్ట్ర విత్తం మీద ఒక ప్రాజెక్టులో పనిచేసి, ఇప్పుడు కళాశాలలో పాఠాలు చెబుతున్నాను. ఆడిట్ అయిన లెక్కలను ఆన్‌లైన్‌లో ఉంచడాన్ని 15వ ఆర్థిక సంఘం స్థానిక సంస్థల గ్రాంట్లకు షరతుగా పెట్టడంతో, 2020లో మొదలైన, పంచాయతీల లెక్కలు ఉండే ఈ-గ్రామ్‌స్వరాజ్ పోర్టల్ కూడా తోడై, కొత్త విద్యార్థులు ఇంటి దగ్గరి నుంచే చాలా అంకెలు తీసుకోగలుగుతున్నారు. అయినా సైరాత్ వివరం కావాలంటే వారిని క్యాష్ బుక్కు దగ్గరికే పంపుతున్నాను, ఎందుకంటే ఏ చెరువు ఎంతకు పోయిందో నాకు పోర్టల్‌లో విడిగా కనిపించలేదు.